తెర మీద ఇల్లు, ఇంటి మీద కులం

పోయిన భాగంలో జముకు గురించి రాస్తే ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే ప్రశ్న అడిగారు: "అన్నా, ఇవి సీరియళ్ళలో ఎందుకు కనిపించవు?" వాయిద్యం ఒక్కటే కాదు తమ్ముళ్ళూ, మన ఇంట్లో సామాను ఏదీ కనిపించదు. ఎందుకో చెప్పాలంటే తెర మీద గదులు కట్టేవాళ్ళ గురించీ, ఆ గదుల్లో చెంబూ మంచమూ సర్దేవాళ్ళ గురించీ మాట్లాడాలి. హీరోల మీద పుస్తకాలు గుట్టలుగా వచ్చాయి. హీరో కూర్చున్న కుర్చీ ఎవరు తెచ్చారు అని మాత్రం ఎవరూ అడగరు. ఈ వారం ఆ కుర్చీ గురించి. వ్యాసం కాస్త పొడుగు, తీరిగ్గా చదవండి.

మన విజయనగరం నించే మొదలెడతాను. 1892 ఆగస్టు 13న జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు అక్కడ కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. ఇవాళ మనం చదివేది 1909 నాటి రెండో కూర్పు. దాని రంగస్థలం ఒక్కసారి గుర్తు చేసుకోండి. అగ్నిహోత్రావధాన్లు ఇల్లు ఉంది. లుబ్ధావధాన్లు ఇల్లు ఉంది. రామప్పపంతులు ఇల్లు, మధురవాణి గది, వకీలు సౌజన్యారావు పంతులు ఇల్లు ఉన్నాయి. ఆఖరికి సారా దుకాణం కూడా ఉంది. అసిరిగాడు కూడా ఉన్నాడు, అవధాన్ల ఇంట్లో పనివాడు. పేరు చూస్తేనే మన ప్రాంతం వాడని తెలిసిపోతుంది, అసిరితల్లి పేరు పెట్టుకున్నవాడు. కానీ అసిరికి ఇల్లు లేదు. పని అయ్యాక వాడు ఎక్కడికి పోతాడో, ఏ మట్టి మీద పడుకుంటాడో ఒక్క రంగం కూడా చెప్పదు. గురజాడని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన ఎవరి రోగం గురించి రాశాడో వాళ్ళ గదుల్లోకే వెళ్ళాడు. నేను చెప్పేది ఏమిటంటే, తెలుగు ఆధునిక నాటకం పుట్టిన చోటే ఎవరికి గది ఉంటుంది, ఎవరికి గుమ్మం బయట జాగా ఉంటుంది అన్నది తేలిపోయింది. తర్వాత సినిమా వచ్చినా, టీవీ వచ్చినా ఆ లెక్క పెద్దగా మారలేదు.

ఇప్పుడు ఆ పని ఏమిటో చూద్దాం, తెలియనివాళ్ళ కోసం. ఆర్ట్ డైరెక్టర్ అంటే స్క్రిప్టు చదివి, ఈ మనిషి ఎలాంటి ఇంట్లో ఉంటాడో ఊహించి, కాగితం మీద గీసి, దాన్ని కర్రతో, ప్లైవుడ్‌తో, గుడ్డతో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నిలబెట్టేవాడు. ప్రాపర్టీ చూసే మనిషి పని ఆ తర్వాత. సీను సీనుకీ ఏ వస్తువు కావాలో జాబితా రాయాలి. కొనాలా, అద్దెకి తేవాలా, చేయించాలా తేల్చాలి. పగిలే సీసా అయితే నాలుగు నకళ్ళు ఉంచుకోవాలి. ఈవేళ తీసిన షాటులో గ్లాసులో పాలు సగం ఉంటే, పది రోజుల తర్వాత తీసే దాని మిగతా ముక్కలోనూ సగమే ఉండాలి. సినిమాలో ఇదంతా ఒక కథకి ఒకసారి. డైలీ సీరియల్లో ఏళ్ళ తరబడి, రోజూ. రచయిత ఆ రోజు సీను పొద్దున్నే పంపినా సామాను మధ్యాహ్నానికి సిద్ధంగా ఉండాలి.

వస్తువు మాట్లాడుతుంది. పాత్ర నోరు విప్పక ముందే గోడ మీద పటం, గూట్లో చెంబు, గుమ్మానికి కట్టిన తోరణం ఆ మనిషి కులం చెప్పేస్తాయి. ఆ వస్తువుని అక్కడ పెట్టిన చెయ్యి ఒకటి ఉందని ప్రేక్షకుడికి తట్టదు. డైలాగులో కులం పేరు వస్తే గొడవ అవుతుంది, సెన్సారు అడుగుతుంది. సామానుని ఎవరూ ఏమీ అడగరు.

మద్రాసు స్టూడియోల కాలంలో తెలుగు సినిమా గదులకి రూపం ఇచ్చినవాళ్ళలో మాధవపెద్ది గోఖలే పేరు ముందు చెప్పాలి. కళాధర్‌తో కలిసి పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962) సెట్లు వేసింది ఆయనే. ఈ గోఖలే కథకుడు కూడా. అభ్యుదయ రచయితల తరం మనిషి, పల్లెటూరి బీదవాళ్ళ మీద కథలు రాశాడు. బీదవాళ్ళ ఇల్లు లోపల ఎలా ఉంటుందో తెలిసిన చెయ్యి అన్నమాట. ఆ చేతిని స్టూడియో ఏం కట్టమని అడిగింది? ద్వారక కట్టమంది. మాయాబజార్‌లో ద్వారకా నగరం కోసం 50 అడుగులకి 60 అడుగుల జాగాలో సుమారు 300 బొమ్మ ఇళ్ళు కట్టారు. లైట్‌మెన్, వడ్రంగులు, పెయింటర్లు కలిపి 400 మంది దాకా పనిచేశారని చెబుతారు. ఆ 300 ఇళ్ళలో ఏ రెండూ ఒకేలా ఉండవు. పనితనం అంటే అదీ. నేను ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఇంకా చూస్తాను కూడా.

కానీ ఒక్క విషయం. ఘటోత్కచుడు పెళ్ళి వంటలన్నీ ఒక్కడే తినేసే పాట మీ అందరికీ గుర్తే. ఆయన హిడింబ కొడుకు. అడవి మనిషి, రాక్షసుడు. ఆ విందులో గారెలు, బూరెలు, లడ్డూలు, అప్పళాలు, పులిహోర, దప్పళం. ఎముక ముక్క ఒక్కటి లేదు! అది మగపెళ్ళివారి కోసం వండిన శాకాహారపు వంట కదా అని ఎవరైనా అనొచ్చు. సరే, కథ ప్రకారం అలాగే అనుకుందాం. అసలు రాక్షసుడు తన ఇంట్లో ఏం తింటాడో చూపించే పళ్ళెం మరి ఏ పౌరాణికంలో ఉంది? తెలుగు తెర మీద పళ్ళెం అంటే ఇదే అయిపోయింది. మన పిల్లలు హాస్టల్లో ఎండుచేప డబ్బా మూత తియ్యడానికి సిగ్గుపడతారే, ఆ సిగ్గుకి ఇలాంటి వెయ్యి పళ్ళాల చరిత్ర ఉంది.

తర్వాత తరం గురించి ఒక వింత సంగతి చెబుతాను. వరసగా రెండేళ్ళు కళాదర్శకత్వానికి జాతీయ అవార్డు తెలుగువాళ్ళకే వచ్చింది, ఇద్దరి ఇంటిపేరూ తోట. 1987 సినిమాల్లో 'నాయకన్'కి తోట తరణి. 1988 సినిమాల్లో 'దాసి'కి తోట వైకుంఠం.

తరణి కళాదర్శకుడు తోట వెంకటేశ్వరరావు కొడుకు. తండ్రి చేతి కిందే ఫ్లోర్లు చూసి పెరిగినవాడు. సాగర సంగమం ఆయనదే, 2004లో అర్జున్ కోసం హైదరాబాదులో వేసిన మధుర మీనాక్షి గుడి ఆయనదే. 2001లో పద్మశ్రీ వచ్చింది. నాయకన్‌కి ఆయన చేసింది ఏమిటి? బొంబాయి ధారావిని మద్రాసు వీనస్ స్టూడియోలో కట్టాడు. రేకులు, గోనెపట్టాలు, మురుగు కాలవలు, సందులు, ఆ సందుల్లో వెలుగూ చీకటీ. చూస్తే కట్టినది అని తెలియదు. ధారావి అంటే ఎవరు? ఊళ్ళలో బతుకు లేక వెళ్ళిన తోలు పనివాళ్ళు, కుమ్మరులు, దళితులు, ముస్లింలు. నిజం ధారావిలో ఇల్లు కట్టుకున్నవాడికి కూల్చివేత నోటీసు వస్తుంది. ఆ ఇంటి నకలు కట్టిన ప్రతిభకి అవార్డు వస్తుంది. తరణి ప్రతిభ మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఆయన అంత శ్రద్ధగా చూశాడు కాబట్టే ఆ సందులకి పరువు దక్కింది. నా మాట అవార్డు ఇచ్చే దేశం గురించి.

వైకుంఠం దారి వేరు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు. ఎర్రటి బొట్లు, పెద్ద ముక్కుపుడకలు ఉన్న తెలంగాణ ఆడవాళ్ళ బొమ్మలు గీస్తాడే, ఆయనే. బి. నర్సింగరావు తీసిన 'దాసి' 1920ల నాటి గడీలో కట్టుబానిసగా బతికే ఆడమనిషి కథ. అదే గడీని ఇంకో సినిమా తీస్తే దొర కుర్చీ వైపు నించి తీస్తుంది. 'దాసి' మాత్రం నీళ్ళు మోసేదాని, నేల తుడిచేదాని కంటితో ఆ ఇంటిని చూసింది. దొరకి కనిపించే గడీలో కుర్చీ, హుక్కా, అద్దం ఉంటాయి. దాసికి కనిపించే గడీలో కడవ, చీపురు, గడప ఉంటాయి. గది ఒక్కటే, సామాను వేరు. ఈ పని నేర్చుకోవాలనుకునే మన పిల్లలు మొదట చూడాల్సిన సినిమా ఇదే అంటాను నేను.

ఇక టీవీ. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైంది. అప్పట్లో సెట్టు వేసే సీనిక్ డిజైనర్ అంటే ప్రభుత్వ ఉద్యోగి. వడ్రంగి, పెయింటర్ కూడా అంతే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ వర్తించేది. జీతం, పింఛను, పదోన్నతి ఉండేవి. దూరదర్శన్ సెట్లు బీదగా ఉండేవని నవ్వుతారు. నిజమే, ఒక తెర, రెండు కుండీలు, నాలుగు కుర్చీలు. కానీ ఆ నాలుగు కుర్చీలు వేసిన మనిషికి నియామక పత్రం ఉండేది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. తర్వాత మిగతావి. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు. సీరియల్ పని నిర్మాత దగ్గరికి, అక్కణ్ణించి ఆర్ట్ డైరెక్టర్ దగ్గరికి, అక్కణ్ణించి రోజు కూలి మీద పిలిచే మనిషి దగ్గరికి పోయింది. అంబేద్కర్ తెచ్చిపెట్టిన 16(4) అధికరణం స్టూడియో గేటు దగ్గరే ఆగిపోయింది.

ప్రైవేటు చానళ్ళతో సీరియల్ ఇల్లు వచ్చింది. పెద్ద హాలు, మధ్యలో మెట్లు, ఒక పక్క దేవుడి గది, సోఫా, తులసి కోట, మూల ఒక వీణ. దీనికి సాంకేతిక కారణాలు ఉన్నాయి, కొట్టిపారెయ్యకూడదు. రోజూ ఎపిసోడ్ ఇవ్వాలంటే ఒకే చోట పదిమందిని నిలబెట్టి రెండు మూడు కెమెరాలతో తియ్యాలి. హాలు పెద్దదైతే లైట్లు మార్చే పని తప్పుతుంది. మెట్లు ఉంటే అత్త పైన, కోడలు కింద నిలబడుతుంది, ఎవరి స్థాయి ఏమిటో మాట లేకుండా తెలుస్తుంది. సెట్టు ఒకసారి వేస్తే ఏళ్ళకి ఏళ్ళు వాడొచ్చు. ఇంతవరకూ అర్థమవుతుంది. కానీ ఆ పెద్ద ఇల్లు ప్రతి సీరియల్లో ఒకటే కులం ఇల్లు ఎందుకయింది? దానికి మాత్రం సాంకేతిక కారణం లేదు.

ఆ హాల్లో వీణ మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్క తొలిచి చేసినది కావచ్చు. ఆ ఇత్తడి చెంబు సరుబుజ్జిలి దగ్గర బుడితిలో చేసినది కావచ్చు. పెద్దాయన పంచె పొందూరు ఖద్దరు కావచ్చు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి వడికే పొందూరు ఆడవాళ్ళ చెయ్యి పడినది. మన ప్రాంతం ఆ ఇంట్లోకి సామానుగా వెళ్ళింది, మనుషులుగా వెళ్ళలేదు.

మా అమ్మ రాత్రి సీరియల్ చూస్తూ ఒకసారి అంది: "ఈల వంటింట్లో ఒక్క గిన్నె మాడదేటి?" అంతకంటే మంచి విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు. ఇంకో సంగతి. 2017లో మొదలైన కార్తీక దీపంలో నాయిక నల్లపిల్ల, ఆ నలుపే ఆమె కష్టాలకి మూలం. ఆ నలుపు మేకప్. నల్లటి నటి దొరకదు అనుకున్నారో ఏమో, రంగు డబ్బా దొరికింది. మనిషి చర్మం కూడా ప్రాపర్టీ జాబితాలోకి వెళ్ళిపోయింది.

మా పక్క పేట కుర్రాడొకడు హైదరాబాదు వెళ్ళి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పడ్డాడు. మొదట బిల్డింగు పెయింటరు. మన శ్రీకాకుళం, విజయనగరం నించి వలస వెళ్ళేవాళ్ళలో చాలామందిలాగే. గోడకి రంగు వెయ్యడం వచ్చు కాబట్టి సెట్టు గోడకి పిలిచారు. వాడు నాకు 'పాత చెయ్యడం' అనే పని వివరించాడు. కొత్త గోడని ముప్ఫై ఏళ్ళ గోడ చెయ్యాలంటే ముందు లేత రంగు వేసి, దాని మీద ముదురు రంగు నీళ్ళలా పలచగా కలిపి పైనించి కార్చాలి. తడి గుడ్డతో అక్కడక్కడ అద్దాలి. మనిషి చెయ్యి తగిలేచోట, స్విచ్చు దగ్గర, తలుపు గొళ్ళెం దగ్గర, జిడ్డు మరక ఉండాలి. మంచం కోళ్ళకి ఉప్పుకాగితం పట్టాలి. తెల్ల గుడ్డని టీ డికాక్షన్‌లో ముంచితే పదేళ్ళ వయసు వస్తుంది. వాడు చెబుతుంటే వినాలి, చదువుకున్న ప్రొఫెసరు కూడా అంత బాగా చెప్పలేడు.

అదే మాటల్లో ఇంకోటి చెప్పాడు. ఒక సీరియల్లో పనిమనిషి ఇల్లు వెయ్యమన్నారు. ఒక మూల, రెండు గోడలు. వాడు గోడలకి సున్నం వేసి, కింద ఎర్రమట్టితో అలికినట్టు అంచు గీసి, గిన్నెలు తోమి వరసగా బోర్లించి, గోడకి బాబాసాహెబ్ ఫోటో పెట్టాడు. వాడి ఇంట్లో ఎలా ఉంటుందో అలా. వచ్చి చూసినవాళ్ళు రెండు మాటలన్నారట. ఒకటి, ఇది బీద ఇల్లులా లేదు, గోడలు మురికి చెయ్యి. రెండు, ఆ ఫోటో తీసెయ్యి, లేనిపోనివి వస్తాయి. ఫోటో తీసి దేవుడి క్యాలెండరు పెట్టాడు. గోడకి ముదురు రంగు నీళ్ళు కార్చాడు. కూలి డబ్బు తీసుకున్నాడు. "ఏటి చేస్తాం అన్నా, మన చేత్తోనే మన ఇల్లు మురికి చేయించీసారు" అన్నాడు. ఆ చానలు పేరు నేను రాయను, వాడి కూలి పోతుంది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. బీదతనం అంటే మురికి అన్నది చూడనివాడి ఊహ. మన పేటల్లో లోపలికి వచ్చి చూడండి. ఉన్నది ఒక్క గదే కాబట్టి పొద్దున్నే పక్కలు చుట్టి దండెం మీదకి ఎక్కాలి. పేడతో అలికిన నేల, గడప దగ్గర ముగ్గు. ప్లాస్టిక్ బిందెలు రంగు రంగులవి. రేషను కార్డు, ఆధార్, కుల ధ్రువపత్రం ఒకే సంచిలో, ఆ సంచి బియ్యం డబ్బాలో. గోడ మీద అంబేద్కర్, పక్కనే యేసు క్యాలెండరు, ఆ పక్కన పైడితల్లి. ముగ్గురికీ గొడవ లేదు. కూతురు డిగ్రీ పట్టా పట్టుకుని తీయించుకున్న ఫోటో అన్నిటికంటే పెద్ద ఫ్రేములో. రెల్లి వీధిలో అయితే మునిసిపాలిటీ పనికి వెళ్ళే చీపుర్లు గుమ్మం బయటే ఉంటాయి, లోపలికి రావు. ఇవన్నీ తెలియాలంటే ఇంటర్నెట్‌లో గుడిసె అని వెతికితే చాలదు.

చుట్టిల్లు సంగతి ఇంకా చిత్రం. మన తీరంలో తాటాకు కప్పు కిందకి దిగి, గుండ్రటి మట్టిగోడ ఉండే ఇల్లు. గాలి కొట్టినా పక్కకి జారిపోతుందని, మూల లేదు కాబట్టి తుఫానుకి పట్టు దొరకదని పెద్దలు అలా కట్టారు. సెట్టు వేసే ఫ్లాట్లు తిన్నగా ఉండే చట్రాలు, గుండ్రంగా కట్టాలంటే ఖర్చు, కెమెరాకి మూల కావాలి. అందుకని నేను చూసిన సీరియళ్ళలో శ్రీకాకుళం గుడిసె కూడా నాలుగు పలకలే. అసలు చుట్టిళ్ళే కరిగిపోతున్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరీ జీడీ పడగొట్టింది. తర్వాత ఎవరైనా ఇల్లు కడితే శ్లాబే కడతారు, కట్టాలి కూడా. తాటాకు కింద ఉండమని మనకి ఎవరూ నీతులు చెప్పక్కర్లేదు. కానీ రేపు ఎవరైనా ఆ ఇల్లు తెర మీద కట్టాలనుకుంటే కొలతలు ఎక్కడ ఉన్నాయి?

మన ప్రాంతం ఇల్లు తెర మీదకి వచ్చిన సందర్భాలు లేకపోలేదు. కారా మాస్టారి 'యజ్ఞం' 1991లో సినిమా అయింది, పి.ఎల్. నారాయణకి జాతీయ ఉత్తమ సహాయ నటుడు అవార్డు తెచ్చింది. 2018లో వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీసినప్పుడు విశాఖ కంచరపాలెంలోనే, ఆ వాడ మనుషులు 80 మందికి పైగా నటించగా తీశాడు. ఆ ఇళ్ళలో గిన్నెలు ఎవరూ సర్దలేదనిపిస్తుంది, ఎవరి గిన్నెలు వాళ్ళవే. 2020లో కరుణకుమార్ 'పలాస 1978' వచ్చింది. పాట పాడి ఆడే దళిత కుటుంబంలోని అన్నదమ్ముల కథ. అందులో వాయిద్యం అలంకారం కాదు, అన్నం పెట్టే సామాను. ఇవన్నీ సినిమాలే. సీరియల్ ఇంకా ఆ మెట్ల దగ్గరే ఉంది, మన అమ్మలు రోజూ చూసేది అదే.

ఈ పనిలోకి వెళ్ళాలనుకునేవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. దారులు రెండు. ఒకటి కృష్ణానగర్ దారి: ఎవరి కిందో చేరి, కూలి చేస్తూ నేర్చుకుని, డబ్బు కట్టి యూనియన్ కార్డు తెచ్చుకోవడం. కార్డు లేకపోతే సెట్టు మీద కాలు పెట్టనివ్వరు, కార్డు ఉన్నా నెలలో ఎన్ని రోజులు పని అన్నది ఎవరూ చెప్పలేరు. 2022 జూన్‌లో సినీ కార్మికులు వేతనాల కోసం పని ఆపారు, 2025 ఆగస్టులో 30 శాతం పెంపు కోరుతూ మళ్ళీ ఆపారు. ఆ వార్తల్లో హీరోల షూటింగులు ఆగిపోయాయని రాశారు, మేకులు కొట్టేవాడి ఇంట్లో పొయ్యి సంగతి తక్కువ రాశారు. రెండోది చదువు దారి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ట్ డైరెక్షన్, ప్రొడక్షన్ డిజైన్ కోర్సు ఉంది. కేంద్ర సంస్థ, రిజర్వేషన్ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ ఉంది, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. మన విజయనగరంలోనే అంట్యాకుల పైడిరాజు చిత్రకళా పాఠశాల నడిపి ఎంతోమందికి బొమ్మ గీయడం నేర్పాడు. ఈ పని మనకి పరాయిది కాదు. మన దగ్గర వడ్రంగం ఉంది, రంగు పని ఉంది, వెదురు పని ఉంది, తాటాకు అల్లిక ఉంది. గది ఎలా ఉండాలో నిర్ణయించే కాగితం మీద పెన్సిలు మాత్రం మన చేతికి రాలేదు.

కాబట్టి ఈ గ్రూపులో ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులకి ఒక పని చెబుతున్నాను. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో ఒక గది తీసుకోండి. పొడవూ వెడల్పూ టేపుతో కొలవండి, గుమ్మం ఎత్తు రాయండి. గోడ మీద ఏముంది, గూట్లో ఏముంది, ఏ వస్తువు ఎవరు కొన్నారు, ఏ ఏడాది కొన్నారు అన్నది అమ్మని అడిగి రాయండి. చుట్టిల్లు ఇంకా మిగిలిన ఊళ్ళు వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి, భోగాపురం వైపు ఎక్కడున్నా కప్పు చుట్టుకొలతా, తాటాకు ఎన్ని వరసలు వేశారో కూడా రాయండి. ఫోటో తీస్తానంటే అమ్మ ముందు ఇల్లు సర్దుతానంటుంది, ఆమెని ఆపకండి. సర్దాకే తియ్యండి. నాకు పంపండి, పేరు లేకుండా దాస్తాను. వచ్చే భాగం చీపురు గురించి.